ఇత్తడి మంగమ్మ నోరు

జగదల్‌పూర్‌లో కళా కాలేజీకి దారి అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పరు. "బస్టాండు నుంచి నేరుగా పో. ఇనప దుప్పి కొమ్ములకు సైకిల్ ట్యూబులు వేలాడుతుంటయి, ఆడ ఎడమకు మళ్ళు. కట్టె చిలక ముక్కుకు మంగలాయన తువ్వాళ్ళు ఆరేసిన కాడ కుడికి. ఇంక నాలుగడుగులేస్తే ఇత్తడి మంగమ్మ. ఆమెకెదురుంగ ఉన్నదే కాలేజీ" అంటారు. కొత్తవాడు ఇది దారా, దసరా బొమ్మల కొలువా అని తికమకపడతాడు గానీ, తప్పిపోయినవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

ఇత్తడి మంగమ్మ వెనకాలే అసలు మంగమ్మ ఉంటుంది. పేరు మంగాదేవి. ఆ 'దేవి' టిఫిన్ సెంటరు బోర్డు మీదా, మర్యాద ఎక్కువైనవాళ్ళ నోటా తప్ప ఎక్కడా లేదు. వయసు యాభై రెండు. కోంటా నుంచి కాపురానికొచ్చి ముప్ఫై ఏళ్ళు. దోసె వేసే చేయీ, మాట వేసే నోరూ రెండూ ఎప్పుడూ పెనం మీదే ఉంటాయి. ఇడ్లీకి కొబ్బరి చట్నీ, అడిగినవాడికి బస్తర్ మార్కు ఎర్రచీమల చట్నీ. "ఇన్ని మాటలన్నా చీమ కుట్టినట్టన్నా లేదు నీకు! ఇంద, కుట్టించుకో" అని చట్నీ వడ్డించిందంటే ఆ తిట్టు ఉచితం.

ఆమె మొగుడు రాఘవులు పిండి రుబ్బుతాడు, నోరు విప్పడు. ఇంట్లో ఒక నోరు సరిపోతుందని ఆయన సిద్ధాంతం. సర్కారు కాగితమంటే మటుకు ఆయనకు మహా భయం. దూరాన ఫైలు కనిపిస్తే చాలు, చెప్పులు విడిచి నిలబడతాడు.

ఇక ఇత్తడి మంగమ్మ. జానెడు బొమ్మ. రోటి ముందు గొంతుకూర్చుని పిండి రుబ్బుతున్న ఆడమనిషి. కొట్టు ముందు గల్లాపెట్టె పక్కన పద్దెనిమిదేళ్ళుగా రుబ్బుతూనే ఉంది. ఆ బొమ్మ చేసింది లక్కే. ఘడ్వా వాళ్ళ పిల్ల. మైనంతో బొమ్మ చుట్టి, మట్టి కప్పి, మైనం కరిగించి ఆ ఖాళీలో ఇత్తడి పోయడం ఆమె ఇంటి విద్య. చదువుకునే రోజుల్లో మూడేళ్ళపాటు మంగమ్మ కొట్లో పొద్దుటి టిఫినూ, తెలుగూ, తిట్లూ కలిపి తిన్నది. ఇప్పుడు అదే కాలేజీలో పోత పని నేర్పే టీచరు. కాంట్రాక్టు టీచరు. అంటే చెప్పేది పాఠం, చూసేది ఏటేటా వచ్చే కాగితం కోసం.

బొమ్మ కొట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే కాలేజీ సంగతి చెప్పాలి.

ముప్ఫై రెండేళ్ళ కింద కాలేజీ పెట్టినప్పుడు గోడలున్న చోట కప్పు లేదు, కప్పున్న చోట గోడల్లేవు. పిల్లలు చేసిన బొమ్మలు వానకు తడుస్తుంటే మొదటి ప్రిన్సిపాల్ ముసలాయన ఒక మాటన్నాడట: "మన దగ్గర గది లేదు గానీ ఊరుందిగా." అంతే, అది ఆచారమైంది. చదువైపోయిన పిల్లలు తాము చేసినవాటిలో తమకు బాగా ఇష్టమైనది, ఊళ్ళో తమకు తిండో, నీడో, మంచి మాటో ఇచ్చిన చోట పెట్టి వెళ్ళాలి. నచ్చనిది పెడితే ఒప్పుకోరు. ఇష్టమైనదే విడవాలి. దాని పేరు 'విడుపు'.

అలా విడిచిన బొమ్మలు ఊరిని విడవలేదు. సైకిల్ షాపు హడ్మా మొదట్లో దుప్పి కొమ్ములకు ట్యూబులు తగిలించాడు, నిజమే. కానీ పొద్దస్తమానం ఆ కొమ్ముల వంపు కళ్ళ ముందుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? తెగిన చైన్లు, విరిగిన పెడళ్ళతో ఒక కొంగను చేశాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు దీపపు స్తంభాలు అతని దగ్గరే చేయించుకుంటున్నారు. కూరగాయలమ్మే బండి అనే ఆమె తోపుడు బండి మీద వంకాయల పక్కన టమాటాలు పెట్టదు, మధ్యలో సొరకాయ తెలుపు పడాల్సిందే. "ఏం బండీ, నీ బండి ఎగ్జిబిషనా?" అంటే, "మరి నీ కొట్టు గోదామా?" అంటుంది. దర్జీతో కస్టమరు కొలతల మీద కాదు, రంగుల మీద తగాదా పడతాడు. ఆ ఊళ్ళో బోర్డు రాసేవాడు ఒక్క గీత వంకర గీస్తే కింద నిల్చున్న రిక్షావాడు "అన్నా, నడుము పట్టేసిందా దానికి?" అని అడుగుతాడు. చూపరుల ఊరు కాస్తా చూపున్న ఊరైంది.

మంగళవారం కాలేజీలో భట్టీ రోజు, ఇత్తడి కరిగించే కొలిమి అంటించే రోజు. గేటు తెరిచే ఉంటుంది. ఊళ్ళో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, చేతులకు మట్టి చేసుకోవచ్చు. మంగమ్మ కూర్చునేది కాదు. నిలబడి సలహాలిచ్చేది.

ఇట్లా రోజులు దోసెల్లా తిరగబడుతుండగా, ఒక బుధవారం పొద్దున కాలేజీ హెడ్ క్లర్కు రామనాథం ఇడ్లీ ముట్టకుండా ప్లేటు వంక చూస్తూ కూర్చున్నాడు. రామనాథానిది విశాఖ వైపు. తండ్రి గనుల్లో పనికి కిరండూల్ వస్తే తనూ రైలెక్కాడు, తిరిగి ఎక్కలేదు.

"ఏంది రామనాథం, ఇడ్లీల మొహం చూసుకుంటున్నవా?" అంది మంగమ్మ.

"కమిటీ వస్తోందండీ మంగాదేవిగారూ. కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి."

"వస్తే రానీ. కమిటీ అంటేనే కమ్ముడు, టీ తాగుడు. నేను టీ పెడ్త."

"టీతో పోయేది కాదండీ. కాలేజీకి సంగ్రహాలయం ఉందా, అందులో పిల్లల పనులెన్ని ఉన్నాయి అని ఒక గడి ఉంది. మనకు లేదు. కొత్త ప్రిన్సిపాల్ సాబ్ ఊళ్ళో ఉన్న బొమ్మలన్నీ వెనక్కి తెమ్మన్నారు. నూట పన్నెండు. వచ్చే బుధవారానికల్లా అన్నీ లోపలికి రావాలి. అద్దాల బీరువాలు కూడా దిగాయి." రామనాథం జేబులోంచి జాబితా తీశాడు. ఇడ్లీ కంటే మెత్తగా చెప్పాడు: "మీది ముప్ఫై ఏడో నంబరండీ."

రుబ్బురోలు ఆగిపోయింది. రాఘవులు అప్పటికే చెప్పులు విడిచాడు.

"ఇచ్చెయ్ రాదే," అన్నాడు. "సర్కారుతోని మనకేంది?"

"ఎందుకిస్త? నాకు పెట్టిపోయింది ఆ పిల్ల. నేనేమన్న ఎత్తుకొచ్చిన్నా?"

"సంగ్రహాలయం అన్న మాటలోనే గ్రహం ఉందండీ," అన్నాడు రామనాథం దిగులుగా. "పట్టిందంటే విడవదు."

మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్ సాబ్ స్వయంగా వచ్చాడు. ఈ కాలేజీకి వచ్చి మూడు నెలలైంది. నిజం చెప్పాలంటే చెడ్డమనిషి కాదు. పెద్ద చదువులు చదివాడు, బొమ్మను పట్టుకోవాల్సి వస్తే చేతిరుమాలుతో పట్టుకుంటాడు. ప్రిన్సిపాల్ అన్న మాటకు తగ్గట్టు ప్రిన్సిపుల్ మనిషి, అదే ఆయన చిక్కు. హిందీలో మర్యాదగా "మాతాజీ" అని మొదలుపెట్టాడు. మంగమ్మ నడుముకు చెంగు దోపుకుంది. మాతాజీ అన్నవాడు ఊరికే పోడని ఆమె అనుభవం.

సాబ్ వంగి ఇత్తడి మంగమ్మను చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ముఖం తెల్లబోయింది.

"దీని ముఖమేదీ?"

అప్పుడు చూసింది మంగమ్మ. రోజూ చూసేదే గానీ, ఇంకొకరి కళ్ళతో చూడటం అదే మొదలు. ముక్కు లేదు. కళ్ళు రెండు మచ్చలు. నోటి దగ్గర ఒక నునుపు. ఒళ్ళంతా చుట్టిన మైనపు దారాల గీతలు, ఆ పని గొప్పతనమంతా ఉండేది వాటిలోనే, భుజాల మీద ఎక్కడో రెండు మూడు మిగిలాయి. బొమ్మ మొత్తం బంగారంలా మెరుస్తోంది.

"ఎవరు చేశారిది?"

"ఎవరు చేసుడేంది? నేనే తోముతున్న. ప్రతి శుక్రవారం. చింతపండు, బూడిద పెట్టి. పసుపు, కుంకుమ కూడా పెడ్త."

"పద్దెనిమిదేళ్ళుగా?"

"ఒక్క శుక్రవారం తప్పలే!" మంగమ్మ గర్వంగా అంది.

సాబ్ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు. అరిచినా బాగుండేది. "మాతాజీ, ఇది గిన్నె కాదు. దీని మీద నల్లదనం మురికి కాదు, వయసు. ఆ గీతలు ఒక మనిషి వేలిముద్రలు. మీరు వాటిని తోమేశారు. ఒక కళాకృతిని మీ చేతులతో చంపేశారు. ఇందుకే ఇవి మీ దగ్గర ఉండకూడదు. సంగ్రహాలయం లేకపోతే గుర్తింపు పోవచ్చు. కాలేజీయే లేకపోతే ఈ ఊళ్ళో ఏం మిగులుతుంది? బుధవారం ట్రాక్టరు వస్తుంది."

వెళ్ళిపోయాడు.

ఆ రోజు టిఫిన్ సెంటర్లో ఎవరికీ తిట్లు పడలేదు. తిన్నవాళ్ళకు తిన్నట్టే లేదు. హడ్మా రెండుసార్లు వచ్చి చట్నీలో ఉప్పు లేదని లేనిపోని వంక పెట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మైనం కరుగుతుంది గానీ మౌనం కరగదని ఆ రోజు బజారుకంతా తెలిసింది. రాఘవులు భయపడిపోయి, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆమెను ఓదార్చబోయాడు.

"పోనీలేవే. బొమ్మే కదా."

"బొమ్మ కాదయ్యా." మంగమ్మ బొమ్మను ఒళ్ళోకి తీసుకుంది. "ఆ పిల్ల చేసింది నేను చెడగొట్టిన. సక్కగ చూసుకుంటున్నననుకుంట చెడగొట్టిన. దానికి మొహమెట్ల చూపిద్దును?"

మొహం పోయినదాన్ని చెంగులో చుట్టుకుని, చూపించలేని మొహంతో రోడ్డు దాటింది. కాలేజీ వెనక పోత షెడ్డులో లక్కే పుట్టమన్ను జల్లిస్తోంది. ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి, మోచేతులదాకా మట్టి.

"పిల్లా, తప్పయిపోయిందే," అని మంగమ్మ చెంగు విప్పి బొమ్మను ముందు పెట్టింది. సాబ్ అన్నదంతా చెప్పింది. "చంపిన అన్నడే."

లక్కే బొమ్మను చేతిలోకి తీసుకుంది. రుమాలు లేదు, ఏమీ లేదు. బొటనవేలితో ముఖం మీద రుద్దింది. నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే జల్లెడ జారిపోయింది.

"నవ్వుతవేందే! నా ప్రాణం పోతుంటే!"

"మంగక్కా, మా ఊళ్ళో అమ్మవారి బొమ్మలు మా నాన్న దగ్గరకు ఎట్లొస్తయో తెలుసా? ఇట్లనే. జాతర జాతరకు ఎత్తుకుని, కడిగి, నూనె పూసి, పిల్లలకు జ్వరమొస్తే బుగ్గకు ఆనించి ఆనించి ముక్కూ మొహం పోయినంక తెస్తరు. మా నాన్న ఏమంటడంటే, మొహం అరగని దేవత ఇంటికొస్తే అడుగు, నిన్నెవరూ పిలవలేదా తల్లీ అని."

"మరి అరిగినదాన్ని ఏం చేస్తడు?"

"కరిగిస్తడు. అదే ఇత్తడితో మళ్ళీ పోస్తడు. మళ్ళీ అరగడానికి." లక్కే బొమ్మను పక్కన పెట్టి మంగమ్మ మొహంలోకి చూసింది. ఇప్పుడు నవ్వడం లేదు. "మనమూ మళ్ళీ పోత పోద్దామా? మంగళవారం భట్టీ ఉంది. బుధవారం ట్రాక్టరు. కానీ విను. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటకొస్తది, కాబట్టి ఒక్క అచ్చుకు ఒక్కటే బొమ్మ. పోత సరిగ్గ దిగకపోతే కొత్తది రాదు. పాతది ఎట్లనూ ఉండదు. రెండూ పోతయి."

మంగమ్మ బొమ్మ వంక చూసింది. అద్దాల బీరువాలో పెడితే ఈ మాత్రమైనా మిగులుతుంది. తాళం వేసుకుని, నంబరు కట్టుకుని, మెరుస్తూ, పలకరించేవాళ్ళు లేకుండా. రోజూ పొద్దున కొట్టు తెరవగానే "ఏం మంగమ్మా, లేచినవా?" అని తనను తాను పలకరించుకోవడం ఇక ఉండదు.

"నీ కాంట్రాక్టు కాగితం ఆ సాబు చేతిలనే ఉందట కదనే?"

"కాగితం ఆయన చేతిలో ఉంది. భట్టీ నా చేతిలో ఉంది," అంది లక్కే. "నీ మాట చెప్పు."

"పోత పొయ్యి," అంది మంగమ్మ. "పోతే పోయింది. పొయ్యి!"

అయిదు రోజులు మధ్యాహ్నం బేరం రాఘవులుకు అప్పగించి మంగమ్మ షెడ్డులో కూర్చుంది. ముందు ఊకా మన్నూ కలిపి లోపలి ముద్ద చేశారు. ఆరాక దాని మీద చిక్కుడాకు పసరు రాశారు, మైనం అంటుకోవడానికి. ఆకు కూరగాయలమ్మే బండి ఇచ్చింది, "మంచి పచ్చదనం చూసి కోసిన" అని మరీ చెప్పి. ఆ తర్వాత లక్కే ఒక చెక్క గొట్టంలో మైనం కూరి నొక్కితే సన్నగా దారం దిగింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గాను! ఇది జంతికల గొట్టమే కదనే!" అని మంగమ్మ లాక్కుంది. ఇక ఆమె చేయి ఆగలేదు. ముప్ఫై ఏళ్ళు జంతికలు చుట్టిన చేయి. చీర కుచ్చిళ్ళు, మోచేతి మడతలు, రోటి అంచు, అన్నీ వరసగా దారాలు పరుచుకుంటూ పోయింది. పక్కన సెకండియర్ పిల్లలు తమ పని ఆపి చూశారు. ఇన్నేళ్ళు నిలబడి సలహాలిచ్చిన మనిషికి మొదటిసారి ఎవరూ సలహా ఇవ్వలేకపోయారు.

మొహం దగ్గర ఆగింది.

"అప్పుడు నా మొహం ఎట్లుండెనే?"

"సన్నగా. నోరు మూసుకుని."

"నేనా? నోరా?"

"నాకు అప్పటికి పోత సరిగా రాదు మంగక్కా. తెరిచిన నోరు చేస్తే ఇత్తడి దిగేటప్పుడు పెదవి దగ్గర ఆగిపోతది. మూసేసిన."

"ఇప్పుడొస్తదా?"

"రావొచ్చు."

"అయితే తెరువు. ఇంత గదువ పెట్టు, ఇప్పుడు రెండు గదువలున్నయి నాకు, రెండూ పెట్టు. నోరు మటుకు బాగా తెరవాలె. సాబొచ్చి సచ్చిపోయిందన్నడు గద? మాట్లాడ్తున్నట్టుండాలె."

మంగళవారం పదకొండు గంటలకు భట్టీ అంటించారు. మట్టి కప్పిన అచ్చు నిప్పుల్లో ఎర్రబడుతుంటే మైనం కరిగి బయటకు పోయింది. ఊళ్ళో కబురు అప్పటికే కరిగి పారింది కాబట్టి గేటులోంచి జనం ఒక్కొక్కరే వచ్చారు. హడ్మా పంచరు రబ్బరు చేతిలో పట్టుకునే వచ్చాడు. బండి తన బండితో సహా వచ్చింది. మంగలాయన సగం గడ్డం గీసిన కస్టమర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఇత్తడి కరిగించే మట్టి పాత్రను మూస అంటారు. మూసలో కరిగిస్తారు గానీ మూసబొమ్మలు చేయరు, అదే ఘడ్వా పని గొప్ప. మూస ఎర్రగా కాగింది. మంగమ్మ ఇత్తడి మంగమ్మను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది. పొద్దున దాన్ని ఆఖరిసారి తోమింది. శుక్రవారం కాకపోయినా.

సరిగ్గా అప్పుడు ప్రిన్సిపాల్ సాబ్ వచ్చాడు. వెనక జాబితాతో రామనాథం.

"ఆపండి!" అన్నాడు సాబ్. "మాతాజీ, అది జాబితాలో ఉంది. కాలేజీ ఆస్తి."

"కాలేజీ నాకిచ్చింది సాబ్. ఇచ్చినోళ్ళు అడుక్కోరు."

"మీరు దాన్ని ఒకసారి పాడుచేశారు. ఇప్పుడు పూర్తిగా మాయం చేస్తున్నారు. నేను కాపాడాలని చూస్తున్నాను, అర్థం చేసుకోండి. అద్దం వెనక అది వందేళ్ళుంటుంది. అరగదు."

మంగమ్మ నోరు తెరుచుకుంది. పోయిన బుధవారం సాబ్ ముందు మూతపడ్డ కొట్టు అది. ఒక్కసారిగా షట్టరు లేచినట్టయింది.

"అరగది సాబ్, ఒప్పుకుంట. నా మొగుణ్ణి కూడా అద్దాల పెట్టెల పెడితే అరగడు. మరి పిండెవరు రుబ్బాలె?" జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. రాఘవులు తల దించుకున్నాడు గానీ, ఈసారి చెప్పులు విడవలేదు. "తోమి తోమి మొహం తీసిన. నిజమే. తెలవక తీసిన. అన్నం తినే పళ్ళెం తోమినట్టు తోమిన, పూజ చేసే దీపం తోమినట్టు తోమిన. తెలిసుంటే జెర మెల్లగ తోముదును, అంతే. తోముడు మటుకు ఆపకపోదును. మీ బీరువాల దీనికెవరు చెప్తరు సాబ్, 'ఏం మంగమ్మా, లేచినవా' అని? తాళంచెవి చెప్తదా?"

"నా దుప్పి కొమ్ములకు ఇప్పుడు గూడ పన్నెండు ట్యూబులున్నయి సాబ్," అన్నాడు హడ్మా వెనకనుంచి. "ట్యూబుల్తోనే తీస్కపోతరా? పంచరైతే గిరాకీ మ్యూజియంకు రావాల్నా?"

"మేమియ్యం," అంది బండి. అంత చిన్న మాట ఆమె ఎప్పుడూ అనలేదు. సగం గడ్డం ఆయన కూడా తలూపాడు, ఊపగలిగినంత.

సాబ్ లక్కే వైపు తిరిగాడు. "నువ్వు ఇక్కడ టీచరువి. ఏం చేస్తున్నావో నీకు తెలుసా?"

లక్కే మూస మీద మూత తీస్తూ అంది: "తెలుసు సార్. సెకండియర్ పాఠం. సిలబస్‌లో ఉంది. మా నాన్న చెప్పిన పద్ధతే కాలేజీ అందుల అచ్చేసింది."

మంగమ్మ బొమ్మను మూసలో వేసింది.

చప్పుడు కాలేదు. రోలు ముందు కరిగింది, తర్వాత భుజాలు. ముఖం లేని తల చివరిదాకా పైన నిలిచి, ఒక్కసారి తళుక్కుమని, తనూ దిగిపోయింది. మంగమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు ఆమె చేతిలో ఏమీ లేదు. నిప్పుల్లో ఒక ఖాళీ అచ్చు ఉంది, అంతే.

లక్కే, ఇద్దరు పిల్లలూ పట్టకారుతో మూస ఎత్తి అచ్చు నోట్లో పోశారు. ఇత్తడి సన్నగా, ఎర్రగా, ఆగకుండా దిగింది. చివర ఒక క్షణం ఆగింది. లక్కే పెదవి కొరుక్కుంది. మళ్ళీ దిగింది.

అచ్చు చల్లబడేదాకా ఎవరూ కదల్లేదు. సాబ్ వెళ్ళిపోతాడనుకున్నారు. వెళ్ళలేదు. షెడ్డు అరుగు మీద కూర్చున్నాడు, రుమాలు చేతిలో నలుపుకుంటూ. ఎండ వాలాక లక్కే సుత్తితో మట్టి పగలగొట్టింది. ముందు వీపు, తర్వాత రోలు. మోచేయి. మోచేతి దగ్గర చిన్న బొక్క. ఇత్తడి అక్కడికి చేరలేదు.

"అయ్యో," అన్నారు పిల్లలు.

"అయ్యో ఏంది? నా మోచేయి గూడ గట్లనే ఉంది, ఇరవై ఏండ్ల నుంచి నొప్పి," అంది మంగమ్మ. "మొహం తియ్యవే ముందు!"

మట్టి పెచ్చులు ఊడాయి. రెండు గదువలు. లావు ముక్కు. దారం దారంగా కళ్ళు. నోరు బార్లా తెరుచుకుని, ఎదుటివాణ్ణి ఇప్పుడే ఏదో అనబోతున్నట్టు ఉంది. ఊరు ఊరంతా ఘొల్లున నవ్వింది. రాఘవులు ఒక అడుగు వెనక్కి వేశాడు, అలవాటు కొద్దీ.

బుధవారం ట్రాక్టరు వచ్చింది. బజారంతా తిరిగి తిరిగి ఏడు బొమ్మలతో పోయింది. ఆ ఏడూ ఊరొదిలి పోయినవాళ్ళ ఖాళీ ఇళ్ళలోవి. మిగతా చోట్ల ఎక్కడికి వెళ్ళినా ఒకటే జవాబు: "మాది వాడుకలో ఉంది." రామనాథం నిజాయితీపరుడు కాబట్టి ముప్ఫై ఏడో నంబరు కొట్టేయలేదు. ఎదురుగా గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'కరిగినది. మరల పుట్టినది. రానన్నది.'

కమిటీ కమ్మింది, టీ తాగింది, ఏడు బొమ్మలు చాలవని సంగ్రహాలయం గడిలో సున్నా చుట్టింది. కాలేజీ గ్రేడు ఒక మెట్టు దిగింది. మూతపడలేదు. దిగిన మెట్టు మీద పిల్లలు కూర్చుని బొమ్మలు గీసుకుంటున్నారు. లక్కే కాంట్రాక్టు కాగితం మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆ మూడు నెలలూ ఆమె కాగితం లేకుండానే పాఠం చెప్పింది. వినేవాళ్ళు పెరిగారే గానీ తగ్గలేదు. ఆ యేటి విడుపు రోజున గేటు దగ్గర పిల్లలు బారులు తీరి ఊళ్ళోకి వెళ్తుంటే, ఆపమని ఆఫీసు నుంచి ఏ కాగితమూ రాలేదు.

కొత్త బొమ్మ కాస్త నల్లబడ్డాక, దాన్ని మొదటిసారి తోమే శుక్రవారం వచ్చింది. మంగమ్మ చింతపండు నానబెట్టింది, బూడిద జల్లించింది, కొట్టు ముందే పీట వేసుకుని కూర్చుంది. అటువైపు బల్ల మీద ప్రిన్సిపాల్ సాబ్ ఉన్నాడు. ఈమధ్య వస్తున్నాడు. వచ్చి మాట్లాడకుండా రెండు ఇడ్లీలు తిని పోతాడు. ఆమె చేతిలో చింతపండు చూసి ఆయన చెంచా గాల్లోనే ఆగిపోయింది.

మంగమ్మ అది చూసింది. చూసి, కావాలని, బొమ్మ మూతి మీదే మొదలుపెట్టింది.

"ఏం సాబ్, గట్ల చూస్తున్నవ్? ఈ నోరు అరగాలంటే ఇంకో పద్దెనిమిదేండ్లు పడ్తది. అందాక మాట్లాడ్తనే ఉంటది," అంది తోముతూ. "ఇడ్లీ చల్లారిపోతుంది, తిను."